పళ్ళ డాక్టరు కారులో చిలుము

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే కార్ల ఎలక్ట్రీషియన్ చేసే మొదటి పని చెవుల్లో దూది కుక్కుకోవడం. పాత కార్ల స్విచ్చులు విప్పేవాళ్ళంతా అంతే. కారులో కూర్చుని మనుషులనే చెడ్డ మాటలు స్విచ్చుల లోపల ఇత్తడి ముక్కల మీద పచ్చటి చిలుమై పేరుకుంటాయి. ఉప్పు కాగితం పెట్టి రుద్దితే మళ్ళీ వినపడతాయి. మంచి మాటలకు చిలుము పట్టదు. ముప్ఫయ్యేళ్ళుగా దూదిని కూడా దాటి వచ్చే ఈ రోతంతా వినీ వినీ అతనికి మనుషులంటేనే వెగటు పుట్టింది. ఒక్కోసారి ఎవరిదో మాట గుర్తొచ్చి నోట్లో ముద్ద దిగేది కాదు.

ఆరోజు వచ్చింది పళ్ళ డాక్టరుగారి తాతలనాటి కారు. లైటు నొక్కితే వైపర్ ఆడుతోంది, ఇండికేటర్ అసలు పలకడం లేదు. ఆదివారం పాత కార్ల ప్రదర్శనకు అది సిద్ధం కావాలి. పైకి ముఖం చూసుకునేంత మెరుపు. డాష్‌బోర్డు విప్పితే మాత్రం ఎలుక పెంట, ముక్కిన వాసన. ఎలక్ట్రీషియన్ ముక్కు చిట్లించి బ్యాటరీ తీగ ఊడదీశాడు.

"ఈలోగా నువ్వా కాగితం మీద సంతకం పెట్టు. ఐదింటిలోగా పోస్టులో పడాలి," అన్నాడు డాక్టరు, వెంట వచ్చిన తన భార్యతో.

"ఊఁ," అందావిడ.

ఆవిడ లెక్కల టీచరు. కొండ మీది బడికి హెడ్మిస్ట్రెస్‌గా రమ్మని ఉత్తరం వచ్చింది. పదిహేనేళ్ళు ఎదురుచూసిన ఉద్యోగం. వస్తాను, రాలేను అని కింద అచ్చేసి ఉంది, ఒకటి కొట్టేసి సంతకం చేయాలి. ఏది కొట్టేయాలో డాక్టరు ఇంట్లోనే చెప్పేశాడు. ఇప్పుడు ఎదురుగా ఉన్న మంగలి షాపులోకి వెళ్ళి కూర్చున్నాడు.

"దూరంగా కూర్చోండమ్మా, రుద్దితే లోపలి మాటలు వినపడతాయి," అన్నాడు ఎలక్ట్రీషియన్, అలవాటుగా.

"ఎందుకండీ, అన్నీ నేను విన్నవేగా."

వైపర్ స్విచ్ రుద్దాడు. డాక్టరు గొంతు లేచింది. "ఛీ, ఒక్కొక్కడి నోరు ఒక్కో మురిక్కాలవ!" ఇండికేటర్ రుద్దాడు. "మీ అమ్మ పోయిందని ఎంతసేపు ఏడుస్తావ్? ఏడిస్తే ఏడువు, సీటు తడపకు." వెనకే ఆడగొంతు: "ఊఁ."

డాక్టరు మాట కంటే వెనకొచ్చిన ఆ ఊఁ వినే ఎలక్ట్రీషియన్‌కు ఒళ్ళు మండింది.

లోపలి దీపం స్విచ్ మిగిలింది. "అది నా పక్కది. నేనే వేసుకుంటాను," అందావిడ. దాని మీద చిలుము వేలు మందాన ఉంది. రుద్దుతుంటే ఊఁ, ఊఁ, ఊఁ అంటూ రాలుతూనే ఉంది. ఇంకొక్క మాట లేదు.

ఆవిడ ముఖం పాలిపోయింది. "నా ఊఁ కూడా చిలుమేనా?"

"అన్నిట్లోకీ ముదురు చిలుము అదేనమ్మా," అన్నాడతను, దాచుకోకుండా.

ఆవిడ షెడ్డు ముందున్న కాలవ దగ్గరకు వెళ్ళి ఉమ్మింది. నోరు కడుక్కుని మళ్ళీ ఉమ్మింది. "ఛీ" అంది, తననే.

ఎలక్ట్రీషియన్ అన్నీ బిగించి బ్యాటరీ తీగ తగిలించాడు. డాక్టరు నున్నగా గీయించుకుని వచ్చి స్విచ్చులన్నీ నొక్కి చూశాడు. అన్నీ పలికాయి. "భేష్! ఏమేవ్, సంతకం పెట్టావా?"

"ఇంకా లేదు." ఆవిడ ఎలక్ట్రీషియన్‌ను పెన్ను అడిగి తీసుకుంది. కాగితాన్ని కారు బానెట్ మీద పరిచి, 'రాలేను' అన్నదాన్ని కొట్టేసింది.

"ఏంటా రాయడం? మతిపోయిందా? తియ్, పెయింటు మీద గీతలు పడతాయ్!"

ఆవిడ ఇంకాస్త గట్టిగా నొక్కి సంతకం పెట్టింది.