మూడున్నర కిలోల ఫ్లైవీల్

కమిజో తెత్సురో మా గ్యారేజీలో అడుగుపెట్టిన మొదటి రోజే అతనంటే నాకు చిన్నచూపు ఏర్పడింది. ఆ సంగతి దాచుకోను. ఒకాయా ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా స్పోర్ట్స్ కార్లు విప్పి బిగిస్తున్నాను. మనిషి కారు దిగే తీరు చూస్తే చాలు, ఎంతవరకు నడపగలడో తెలిసిపోతుంది. కమిజో తలుపు తీసి, ఒక కాలు బయట పెట్టి, ఎవరైనా చూస్తున్నారేమోనని కాసేపు ఆగి, అప్పుడు దిగాడు.

కటకాలు తయారుచేసే కంపెనీలో సెక్షన్ పెద్ద. నలభై ఏడేళ్ళు. పదేళ్ళ పాత టర్బో కారొకటి కొన్నాడు, మంచి బండి. దాని క్లచ్ అరిగిపోయి జారుతోంది. ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుందే గాని బండి ఊపందుకోదు. ఎలాగూ మార్చాలి కాబట్టి మంచిదే వేయిద్దామని వచ్చాడు. ఏం వేయాలో ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చాడు. రెండు లోహపు ప్లేట్ల రేసు క్లచ్, మార్కెట్లో దొరికే అన్నిటికంటే తేలికైన ఫ్లైవీల్, మూడున్నర కిలోలది. కారు కంపెనీ వేసినది ఎనిమిది కిలోలు.

రేసు ట్రాక్‌కి వెళ్తారా అని అడిగాను. వెళ్ళానన్నాడు. ఎన్నిసార్లని అడిగితే ఒకసారి, అదీ చూడటానికన్నాడు. మరి రోజూ ఎక్కడికని అడిగాను. కొండవాలు మీది ఇంటి నుంచి ఆఫీసుకి ఎనిమిది కిలోమీటర్లు, దారి పొడుగునా సిగ్నళ్ళు. వారానికి మూడు రోజులు అతను కంపెనీ బస్సులో పోతాడు, భార్య సుమిఎ అదే కారులో అత్తగారిని డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. ఆదివారాలు మాత్రం సువా సరస్సు ఒడ్డున కార్ల క్లబ్బువాళ్ళతో నిలబడి, బానెట్లు ఎత్తి చూపించుకుంటారు.

నేను ఓపిగ్గానే చెప్పాను. ఇంజను చివర తిరిగే బరువైన చక్రమే ఫ్లైవీల్, క్లచ్ వచ్చి కరుచుకునేది దాన్నే. ఆ బరువు ఊరికే లేదు. ఎత్తు మీద ఆగి మళ్ళీ బయల్దేరేటప్పుడు బండిని ముందుకు తోసేది దానిలో దాచుకున్న ఊపే. బరువు తగ్గిస్తే ఇంజను చురుగ్గా లేస్తుంది, అంతే చురుగ్గా పడిపోతుంది. పైగా లోహపు ప్లేట్లకు కరవడం, వదలడం తప్ప మధ్యలో మెల్లగా జారడం తెలియదు. పెడల్ రాయిలా ఉంటుంది. రోజూ వాడే బండికి మెత్తటి ప్లేటు ఒకటి, అయిదున్నర కిలోల చక్రం సరిపోతాయన్నాను.

కమిజో నవ్వాడు.

"మెత్తటి ప్లేట్లు కూరగాయలకెళ్ళే ఆడవాళ్ళకండీ, మొమోసే గారూ. నడపడం వచ్చినవాడికి బరువెందుకు?"

అక్కడే నేను కుదరదని చెప్పి పంపేయాల్సింది. పంపలేదు. వీడి రోగానికి ఇదే మందు, కాలు వాచేదాకా తొక్కనీ అనుకున్నాను. ఆర్డరు కాగితం మీద అతని చేతే రాయించుకున్నాను: 'ఇబ్బందులు వివరంగా చెప్పారు, తెలిసే వేయించుకుంటున్నాను' అని. అందంగా రాసి సంతకం పెట్టాడు.

పనిలో మాత్రం లోపం చేయలేదు. గేర్‌బాక్స్ దించి, బేరింగులు, ఆయిల్ సీలు, చక్రం బోల్టులు అన్నీ కొత్తవి వేసి, కొలత ప్రకారం బిగించాను. బండి తీసుకుపోయిన రోజు మా గేటు దాటేలోపు మూడుసార్లు ఇంజను ఆగింది. బండి కనుమరుగయ్యేదాకా వంగి దణ్ణం పెట్టడం మా ఆనవాయితీ కాబట్టి నేను నడుం వంచి నిలబడే ఉన్నాను. మూడోసారి అద్దం దించి, చలికి ఇంజను ఇంకా వేడెక్కలేదన్నాడు. ఆడలేక మద్దెల ఓడు. ఆ మధ్యాహ్నం నూడిల్స్ తింటూ, గుర్తొచ్చినప్పుడల్లా నాలో నేనే నవ్వుకున్నాను.

అది నవంబరు. జనవరి చివర, మంచు బాగా పడిన వారంలో, ఒక ఉదయం ఆ కారు మళ్ళీ వచ్చింది. అదింకా మలుపులో ఉండగానే మాడిన వాసన వచ్చింది. నడుపుతున్నది సుమిఎ. పక్కన అత్తగారు. ఆవిడ కుడి మణికట్టుకు పిండికట్టు.

ఇద్దరినీ స్టవ్ దగ్గర కూర్చోబెట్టి టీ పోశాను. జరిగింది సుమిఎ గొంతు పెంచకుండానే చెప్పింది. నాలుగు రోజుల కిందట, ఆసుపత్రి కింది ఎత్తు మీద సిగ్నల్ పడింది. మళ్ళీ బయల్దేరబోతే ఇంజను ఆగింది. ఇంకోసారి, ఇంకోసారి. ఎక్కువ తొక్కితే చక్రాలు మంచు మీద గిర్రున తిరిగాయి, తక్కువ తొక్కితే ఇంజను చచ్చింది. వెనక లారీ డ్రైవరు హారన్ కూడా కొట్టకుండా ఓపిగ్గా నిలబడ్డాడట. దానికే ఆమెకు ఎక్కువ సిగ్గేసిందట. ఎదురుగా కనిపిస్తున్న ఆసుపత్రే కదా, నడిచి వెళ్తానని అత్తగారు దిగింది. పది అడుగులు వేసిందో లేదో జారి పడింది.

ఏం చేయాలో తోచక, అప్పుడు చేయకూడని పని చేశాను. సొరుగు లాగి, కమిజో రాసిచ్చిన కాగితం తీసి చూపించాను. ముందే హెచ్చరించానన్నాను.

ముసలావిడ ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని పూర్తిగా చదివింది. ఆమె పేరు కినుఎ. పెళ్ళి కాకముందు పట్టు మిల్లులో పనిచేసిన మనిషి.

"సంతకం పెట్టింది మావాడు. నడిపేది ఈ పిల్ల. ఎక్కేది నేను. మమ్మల్నెవరడిగారు?"

నేను కాగితం కోసం చెయ్యి చాచాను.

"వాడికి బుర్ర లేదని నలభై ఏడేళ్ళుగా నాకు తెలుసు. మీకూ తెలిసిందిగా. తెలిసీ బిగించారే, అదే నాకు అర్థం కావట్లేదు," అందామె, కాగితం మడిచి నా చేతికిస్తూ.

అంతవరకు నా చిన్నచూపంతా ఒక్క మనిషి మీదికే పోయేది. ఆ రోజు మొదటిసారి నా మీదికి తిరిగింది. కమిజోకి బుద్ధి చెప్పాలని నేను వేసిన చక్రం అతన్ని వదిలేసి ఈమె చెయ్యి విరిచింది.

సుమిఎ మాత్రం తిట్టడానికి రాలేదు. ఈ బండికి ఏం వేస్తే బాగుంటుందో తెలుసుకోవడానికి వచ్చింది. మాటలు వద్దని, నా సొంత కారు తాళం ఇచ్చాను. దానికి ఉన్నది అయిదున్నర కిలోల చక్రం, మెత్తటి ప్లేటు. మా గ్యారేజీ వెనక ఒక ఎత్తు ఉంది, పొద్దున్నే మంచు తీసి ఉప్పు చల్లినది. సగంలో ఆపి బయల్దేరమన్నాను. ఆపింది, బయల్దేరింది. నాలుగుసార్లు. ఒక్కసారీ ఇంజను ఆగలేదు. పెళ్ళికి ముందు పుట్టింటివాళ్ళ టోఫూ కొట్టు వ్యాను నడిపానని అప్పుడు చెప్పింది. ఆ నడిపే తీరు చూస్తే సరస్సు ఒడ్డు క్లబ్బు వీరులు సగంమంది బానెట్లు దించేసుకోవాలి.

పాత ఎనిమిది కిలోల చక్రమే మళ్ళీ వేయమంటారా, అది ఇంకా సుఖమన్నాను. ఆమె నా తాళం తిరిగిచ్చింది.

"వద్దండీ, ఇదే వేయండి. రెండో గేరు నుంచి మూడులోకి మారుస్తుంటే ఎంత తేలిగ్గా ఉందో. నాకు నచ్చింది."

కారు భర్తది కాబట్టి ఫోన్ చేసి పిలిపించింది. కమిజో భోజన విరామంలో, మెడలో కంపెనీ కార్డుతోనే వచ్చాడు. విషయం వినగానే ముఖం మాడ్చుకున్నాడు. మంచి బండిని పాడుచేస్తున్నామన్నాడు. లోపం క్లచ్‌లో లేదు, సుమిఎకి నడపడం రాకపోవడంలో ఉందన్నాడు. భార్య ముందే, నా ముందే అన్నాడు.

సుమిఎ తమ కారు తాళం అతని చేతిలో పెట్టింది. "ఆ ఎత్తు మీద ఆపి ఒక్కసారి బయల్దేరి చూపించండి. అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకోండి."

కినుఎ అప్పటికే లేచి కారు వైపు నడుస్తోంది.

అతను సగం ఎక్కి ఆపాడు. బయల్దేరబోయాడు. ఇంజను ఆగింది. రెండోసారి బండి కప్పలా ఎగిరి ఆగింది. మూడోసారి ఇంజను ఊరంతా వినేలా అరిచింది, పొగ వచ్చింది, బండి అడుగు ముందుకు వెళ్ళి మూడడుగులు వెనక్కి జారింది. అయిదోసారికి అతని చెవులు ఎర్రబడ్డాయి. అద్దం దించి, ఈ టైర్లు మంచివి కావని నాతో అన్నాడు.

"దిగరా," అంది తల్లి. "ఆఫీసుకి టైమవుతోంది."

దిగాడు. కొత్త క్లచ్ ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టాడు. బస్సు స్టాపు వైపు నడిచాడు. తప్పయిందని తల్లికైనా అనలేదు. మంచులో అతను నడిచిపోతుంటే నేను నిలబడి చూశాను. వంగి దణ్ణం పెట్టాలనిపించలేదు, పెట్టలేదు.

గేర్‌బాక్స్ మళ్ళీ దించాను. రెండున్నర నెలల ప్లేట్లు నీలంగా మాడి ఉన్నాయి. కొత్త ప్లేటు కుదురుకోవాలంటే మొదటి అయిదువందల కిలోమీటర్లు ఊళ్ళోనే మెల్లగా నడపాలని చెప్పాను. సుమిఎ అక్షరాలా అలాగే నడిపింది. అయిదువందలు పూర్తయిన ఆదివారం కమిజో బండి తీసుకుని సరస్సు ఒడ్డుకి వెళ్ళాడు.

తర్వాతి వారం క్లబ్బు మనిషి ఒకతను ఆయిల్ మార్పించుకోవడానికి వచ్చి, కమిజో గారు ఎంత లోతైన మనిషో అన్నాడు. అన్నిటికంటే తేలికైన చక్రం కోసం ఎగబడేవాళ్ళు పిల్లలేనని, రోజూ వాడే బండికి అయిదున్నర కిలోలే సరైన తూకమని, అది తాను స్వయంగా పరీక్షించి తేల్చానని చెప్పాడట. నేను ఆయిల్ ఫిల్టరు బిగిస్తూ విన్నాను. సరిదిద్దలేదు. ఆ అబద్ధం వల్ల నలుగురు సరైన క్లచ్ వేయించుకుంటే పోనీలే అనుకున్నాను. కాని అతని మీద నా అభిప్రాయం ఆవగింజంత కూడా మారలేదు.

మార్చిలో, పిండికట్టు విప్పారని విని, మిఠాయి పెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కమిజో లేడు. కినుఎ గుమ్మంలోనే కూర్చుని నా మాటలన్నీ విన్నది. కాగితం చూపించినందుకు, అంతకుముందు తెలిసీ బిగించినందుకు, రెండింటికీ వంగి క్షమాపణ అడిగాను. కుడి చేతికి ఇంకా పట్టు రాక, ఆమె పెట్టెను ఎడమ చేత్తో అందుకుంది. ఈ కొట్టు మిఠాయిలు బాగుంటాయంది. కోడల్ని పిలిచి టీ పెట్టమంది. క్షమించానని మాత్రం అనలేదు.