గంట మోగిందంటే దిగాల్సిందే

డిస్కౌంట్లు పెట్టారంటే చాలు, ఆ తోడికోడళ్ళిద్దరూ పెద్ద షాపుకి కలిసే బయల్దేరతారు. చిన్నకోడలు నీలం కర్టెన్ తీసుకుంటే పెద్దకోడలికీ అదే నీలం కావాలి, కాకపోతే ఓ మూర పొడుగుండాలి. పెద్దకోడలు దువ్వెన కొంటే చిన్నకోడలు అద్దంతో సహా కొంటుంది.

ఆ షాపుకి ఆరంతస్తులు. అక్కడి లిఫ్టు ఎంత లావు మనిషినైనా మోస్తుంది గానీ కుళ్ళుని మోయదు. లోపల ఎవరు కుళ్ళుకున్నా గంట మోగుతుంది, లిఫ్టు కదలదు. అందుకే డిస్కౌంట్ల రోజుల్లో ఆ మెట్ల మీద ఇసకేస్తే రాలదు.

ఈసారి చిన్నకోడలు కొనడానికి రాలేదు. ఆరో అంతస్తులో, బట్టలు సరిచేసే చోట, ఒక దర్జీ ఉద్యోగం ఖాళీ ఉంది. కుట్టిన నమూనా ఒకటి చూపించాలి. ఆమెకి సూది పట్టుకోవడం నేర్పిందే పెద్దకోడలు. "నిన్నటిదాకా నోరు విప్పలేదు మహాతల్లి!" అని లోపల పళ్ళు నూరుకుంటూ, పైకి మాత్రం "తోడొస్తాలే" అంది.

ఇద్దరూ లిఫ్టెక్కారు. గంట మోగింది.

"ఎవరమ్మా అది?" అంది లిఫ్టు నడిపే ఆవిడ, అల్లుతున్న స్వెట్టర్ మీంచి తలెత్తకుండా.

"నా సంచి బరువేమో," అంది పెద్దకోడలు.

"ఖాళీ సంచేగా!"

పెద్దకోడలి మొహం కందిపోయింది. "సరే, నేనే. నువ్వెళ్ళి రాజ్యమేలుకో!" అని విసురుగా దిగేసింది.

గంట ఆగలేదు.

లిఫ్టావిడ ఇప్పుడు తలెత్తి చిన్నకోడలి వైపు చూసింది. లోపల ఇంకెవరూ లేరు మరి.

"నాకు కుళ్ళేంటండీ?" అంది చిన్నకోడలు. గంట ఇంకాస్త గట్టిగా మోగింది.

చివరికి ఆమె తన సంచిలోంచి నమూనా చొక్కా బయటికి తీసింది. అంత సన్నగా కాజాలు కుట్టే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

"దొంగమొహమా! అది నేను కుట్టింది!" అని లిఫ్టు బయట నుంచే అరిచింది పెద్దకోడలు.

"ఎన్నిసార్లు కుట్టినా నాకిలా రాలేదక్కా. నీ చేతులు చూస్తేనే ఒళ్ళు మండిపోతుంది."

తిట్టడానికి నోరు తెరిచిన పెద్దకోడలు నవ్వేసింది. తనని చూసి కుళ్ళుకునేవాళ్ళు కూడా ఉన్నారని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు. ఎంత బావుందో!

చిన్నకోడలు దిగి, చొక్కా ఆమె చేతుల్లో కుక్కింది. "పో. నీ కాజాలు నువ్వే చూపించుకో."

పెద్దకోడలు ఎక్కింది. లిఫ్టు కిక్కురుమనకుండా పైకి లేచింది.

ఇప్పుడు ఆరో అంతస్తులో కాజాలన్నీ పెద్దకోడలివే. మధ్యాహ్నం చిన్నకోడలు క్యారేజీ పట్టుకొస్తుంది. ఆమె ఎక్కగానే లిఫ్టు టింగుమని, కాసేపు ఆలోచించి, కదులుతుంది.

"ఇంకా ఉందా?" అంటుంది లిఫ్టావిడ.

"ఆ మాత్రం ఉండాలండీ," అంటుంది చిన్నకోడలు. "లేకపోతే అక్క బెంగపెట్టుకుంటుంది."