పక్కన పెట్టిన ఫైలు

ఓటింగ్ నాలుగింటికి. ఒంటిగంటకి పురపాలక సంఘం గుమాస్తా పదకొండో స్తంభం కింద కూర్చుని భార్యతో కలిసి భోంచేస్తున్నాడు.

అది మార్కెట్ భవనం. అంటే, కావలసినది. ఇరవై నాలుగు స్తంభాలు, వాటి మీద ఒక శ్లాబు. తొమ్మిదేళ్లుగా అంతే. మెట్లు సగం దాకా ఎక్కి, ఎటు పోవాలో తెలియనట్టు ఆగిపోయాయి. ఆ నీడలో నలభై మంది చిన్న వ్యాపారాలు చేసుకుని బతుకుతున్నారు. పదకొండో స్తంభం దగ్గర కుట్టుమిషను గుమాస్తా భార్యది.

"ఇవాళ నా స్తంభాన్ని ఉంచుతున్నారా, ఊడగొడుతున్నారా?" అడిగిందామె.

"నేను రాసేవాణ్ణే. ఓటేసేవాణ్ణి కాదు."

"అబ్బో. ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో నా మిషను తీసెయ్యమని రాసిస్తారన్నమాట."

కౌన్సిల్ ముందు రెండే దారులున్నాయి. కూలగొట్టి పార్కింగ్ చెయ్యడం ఒకటి. అద్దాల షాపులు కట్టుకోమని ఒక కంపెనీకి ముప్పై ఏళ్లకి రాసివ్వడం రెండోది. ఏది గెలిచినా మిషను రోడ్డు మీదే. ఉన్నదాన్నే పూర్తి చేసి ఈ నలభై మందికే ఇద్దామనే మూడో దారి కాగితం మీద లేదు. తొమ్మిదేళ్ల కిందటి కౌన్సిలే దాన్ని పక్కన పెట్టేసింది. ఆ మాట రాసింది కూడా అతనే.

ఊళ్లో అందరూ అతన్ని ముత్యాల గుమాస్తా అంటారు. ముప్పై ఒక్కేళ్లలో అతని మినిట్స్ పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు. ఇంకో మూడు వారాల్లో రిటైర్మెంటు. వీడ్కోలు సభలో ఈ సంగతి తప్పకుండా చెబుతామని చైర్మన్ మేడమ్ ఇప్పటికే మాటిచ్చింది.

మూడున్నరకి హాలు నిండింది. చైర్మన్ మేడమ్ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఎవరు మాట మీరినా బల్ల మీది గంట టంగుమనిపిస్తుంది.

"స్తంభాలు రాయిలా ఉన్నాయండీ. ఇంకో అంతస్తు కూడా మోస్తాయి," అన్నాడు ఇంజనీరు, తన మార్కెట్ ఫైలు తిరగేస్తూ.

"ఏం లాభం? పాత కౌన్సిలే వద్దంది," అన్నాడు మెడికల్ షాపు సభ్యుడు. కంపెనీ తరఫున గట్టిగా నిలబడింది అతనే.

"సరే, ఇంజనీరు గారి ఫైలు పక్కన పెట్టండి," అంది మేడమ్.

గుమాస్తా ఫైలు తీసుకుని, బీరువాలో పెట్టి, తాళం వేశాడు.

"అయ్యో, నా పక్కనండీ! చూద్దామని అడిగితే జైల్లో పెట్టారేంటి?"

హాలంతా నవ్వు. గుమాస్తా చెయ్యి మాత్రం తాళం మీదే ఆగిపోయింది.

తొమ్మిదేళ్ల కిందట. ఇదే హాలు. బల్ల వెనక పాత చైర్మన్, చేతిలో టీ గ్లాసు. "ఆ మార్కెట్ ఫైలు పక్కన పెట్టవోయ్." అప్పుడూ ఇలాగే బీరువా. ఇలాగే తాళం.

అతను పాత మినిట్స్ పుస్తకం తీశాడు. తన అక్షరాలే. 'మార్కెట్ పూర్తి చేయుటకు పదకొండు మంది అనుకూలం. చైర్మన్ గారి ఆదేశం మేరకు ఫైలు పక్కన పెట్టడమైనది.' పదకొండు మంది సరేనన్న ఫైలుని ఎందుకు పక్కన పెట్టారని తొమ్మిదేళ్లలో ఎవరూ అడగలేదు. అందరూ చివరి వాక్యమే చదివారు.

గడియారం నాలుగుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పుస్తకం మూసేస్తే ఎవరికీ తెలియదు. వీడ్కోలు సభ, దండ, కొట్టివేత లేని ముప్పై ఒక్కేళ్లు.

కిటికీలోంచి ఎదురుగా పదకొండో స్తంభం కనిపిస్తోంది. భార్య కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది.

"మేడమ్, ఒక్క నిమిషం."

గుమాస్తా సభలో మాట్లాడటం ఎవరూ ఎరగరు. మేడమ్ గంట మీంచి చెయ్యి తీసేసింది.

అతను పాత పేజీ చదివి వినిపించి, ఆనాడు 'పక్కన' అన్న మాటని తను ఎలా అర్థం చేసుకున్నాడో చెప్పాడు.

"ఎవరో 'పక్కన' అన్నారని దానికి మేం కట్టుబడాలా? ఆయన ఉద్దేశం అదేనని సాక్ష్యమేదండీ?" మెడికల్ షాపు సభ్యుడు లేచాడు.

మేడమ్ పాత చైర్మన్‌కి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి, సంగతంతా చెప్పింది.

"ముత్యాలూ, నువ్వట్రా!" అవతలి గొంతు హాలంతా మోగింది. "నా పక్కన పెట్టమన్నానురా! టీ తాగి సంతకం చేద్దామని! పెన్ను మూత తీసుకుని కూర్చున్నా. వారంలో నా పదవీకాలం అయిపోయింది. పైవాళ్లెవరో ఆపించారనుకుని తొమ్మిదేళ్లుగా వాళ్లని తిడుతున్నాను కదరా!"

"క్షమించండయ్యా."

"క్షమాపణ నన్ను కాదు, ఆ పైవాళ్లని అడుగు. ఎన్ని తిట్లు తిట్టానో!"

ఈసారి నవ్వు ఆగడానికి మేడమ్ మూడుసార్లు గంట కొట్టాల్సి వచ్చింది. "ఆనాటి తీర్మానం బతికే ఉందన్నమాట. దాన్ని అమలు చేద్దామనేవాళ్లు చేతులెత్తండి."

తొమ్మిది చేతులు లేచాయి. అందరూ మిగిలిన ఒక్కడి వైపు, మెడికల్ షాపు సభ్యుడి వైపు చూశారు.

"చూస్తారేం? ఆ మిషను పోతే మా ఆవిడ జాకెట్లు నేను కుట్టాలా?" అంటూ అతనూ ఎత్తాడు.

"పాత మినిట్స్ సరిదిద్దండి," అంది మేడమ్. తర్వాత గొంతు తగ్గించి, "బాధపడకండి. కూల్చివేత కన్నా కొట్టివేత నయం. వీడ్కోలు సభలో చెప్పడానికి నాకూ మంచి కథ దొరికింది," అంది.

గుమాస్తా స్కేలు పెట్టి, చివరి వాక్యం మీద గీత గీశాడు. మొదటి కొట్టివేత. స్కేలు జరగడంతో అది కాస్త వంకరగా వచ్చింది. పక్కన 'పొరపాటు నాది' అని రాసి సంతకం పెట్టాడు.

అయిదున్నరకి పదకొండో స్తంభం దగ్గరికి వెళ్లి అంతా చెప్పాడు. భార్య మిషను ఆపి, నోరు తెరుచుకుని విన్నది. కోప్పడుతుందేమోనని చూశాడు. ఆమె పకపకా నవ్వి, కళ్లు తుడుచుకుంది.

"తొమ్మిదేళ్లు గోడల్లేని చోట ఎండకి ఎండబెట్టి, వానకి తడిపారు కదండీ నన్ను! సరే, ఆ స్టూలు పక్కన పెట్టండి."

అతను స్టూలు ఎత్తి, కదలకుండా నిలబడ్డాడు.

"ఎవరి పక్కన?"

"నా పక్కనే. కూర్చుని ఈ సూదిలో దారం ఎక్కించండి."