బూరుగు దూది జాకెట్లు

సాయమ్మ వేళ్ల మీద గజంబద్ద విరిగింది. ఆమె చేసిన నేరం ఒక్కటే. గుత్తదారు ముత్యంరావు వద్దన్నా, జాకెట్టు నిండా బూరుగు దూదే కూరింది.

"చెత్త పత్తి కూరమంటే బూరుగు కూరుతవా? నీ అయ్య సొమ్మానే?" అన్నాడు ముత్యంరావు.

చిన్న మంగళారంలోని ఆ రేకుల షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు. విమలమ్మ కూడా ఎత్తలేదు. ఓడల్లో పనిచేసేవాళ్లకు అక్కడ జాకెట్లు కుడతారు. సముద్రం మీద చలి ఎక్కువ కాబోలు, అందుకే ఇంత మందం అనుకున్నారు వాళ్లు. సముద్రాన్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చలికి ఏ దూదైతేనేమి? ఏడాదిగా లోపల మిల్లు చెత్త కుక్కి, పైన పలచగా బూరుగు పరిచి కుడుతున్నారు.

విమలమ్మ కొడుకు పేతురు ఓడలో ఖలాసీ. రెండేళ్లకు సెలవు మీద వచ్చి, తిరిగి వెళ్లే రోజు పొద్దున తల్లి పని చూడటానికి షెడ్డుకు వచ్చాడు. విమలమ్మ మురిసిపోతూ ఒక జాకెట్టు చేతికిచ్చింది.

"ఏసుకో బిడ్డా. చలికి మంచిగుంటది."

పేతురు నవ్వాడు. "చలికి కాదవ్వా. ఓడ మునిగితే గిదేసుకొని నీళ్లల్ల దుంకుతం. గిదే మమ్ముల తేలుస్తది."

నవ్వుతూ తడిమిన చెయ్యి ఆగిపోయింది. కుట్టు విప్పి చూశాడు. దాన్ని బయటి నీళ్ల హౌజులో వేశాడు. పక్కన సాయమ్మ కుట్టినదీ వేశాడు. అందరూ హౌజు చుట్టూ చేరారు. అరగంట రెండూ తేలాయి. తర్వాత మొదటిది నీళ్లు తాగి, ఒక పక్కకు ఒరిగి, అడుక్కి వెళ్లింది. సాయమ్మది తేలుతూనే ఉంది.

బస్సు దగ్గర విమలమ్మ కొడుకును సాగనంపింది. జాగ్రత్త చెప్పబోయింది గాని, "పైలం బిడ్డా" అనే మాట గొంతులోనే ఉండిపోయింది. ఏ నోటితో అంటుంది? ఏడాదిలో ఈ చేతులతో కుట్టినవి ఎన్ని ఓడలెక్కాయో, ఎవరి ఒంటి మీద ఉన్నాయో.

మర్నాడు పొద్దున లారీ బయలుదేరాలి. ముప్పైమంది ఆడవాళ్లు దాని ముందు కూర్చున్నారు. మా కూలి పోతుందేమోనని కొందరు గొణిగారు గాని, లేవలేదు.

ముత్యంరావు వచ్చాడు. ఛాతీ మీద ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం బిళ్ల. ఈసారి గొంతులో తేనె.

"అవ్వా, జర ఇనుండ్రి. ఈ సరుకు వైజాగుకు పోతది. మునిగితే ఆంధ్రోళ్లు మునుగుతరు. మన పోరగాండ్లను కాల్చి సంపుతుంటే, ఆళ్ల కోసం మీకెందుకు ఫికర్?"

కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు సంగమ్మ లేచింది. ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో తూటా తగిలిన ఆమె అక్క కొడుకు ఇంకా దవాఖానలోనే ఉన్నాడు.

"మా పిలగాడు నీ బిళ్ల కోసం తూటా తిన్లేదు దొరా. నీటికి ముల్కీ తెల్వది, మనోడా ఆంధ్రోడా అని సూడది. మునిగెటోడు కూలోడు. నువ్వు గాదు."

విమలమ్మ అందరి ముందూ అంది: "ఏడాది నుంచి మనమే సంపినం, తెల్వక. ఇగ తెలిసినంక కుడితే మనం గూడ ముత్యంరావులమే."

చేవెళ్ల నుంచి పోలీసు వ్యాను వచ్చింది. విమలమ్మను, సంగమ్మను, సాయమ్మను జుట్టు పట్టి ఎక్కించారు. సాయమ్మ ఒంటి మీద తేలిన జాకెట్టు ఉంది. జమాదారు విప్పమన్నాడు. ఆమె వాచిన వేళ్లతో నాడాలు ఇంకా బిగించుకుంది.

"గిది కోర్టుల చూపెట్టాలె సారూ. హౌజు గూడ తెప్పియ్యుండ్రి."

వ్యాను కదిలింది. లారీ డ్రైవరు శంకరయ్య దిగి, తాళంచెవి షెడ్డులో కుట్టే అంతమ్మ చేతిలో పెట్టడం వెనక ఊచల్లోంచి కనిపించింది. ఆడవాళ్లు కొడవళ్లతో లారీ ఎక్కారు. కుట్లు తెగుతున్నాయి. మిల్లు చెత్త గాలికి లేచి రోడ్డంతా కమ్మింది. ముత్యంరావు కేక ఆ చెత్తలో ఎవరికీ వినబడలేదు.

విమలమ్మ వ్యాను ఊచలు పట్టుకుని, ఎప్పుడో వెళ్లిపోయిన బస్సు దారి వైపు చూసింది.

"పైలం బిడ్డా" అంది.