కోత లోపం

"కుళాయి కట్టేశావా లేదా? నా ఆఫీసు టైమవుతోంది," అన్నాడు భర్త బాత్రూం తలుపు అవతలి నుంచి.

కుళాయి అంటే ఆమే. పెళ్ళైన ఆరో ఏట మాటిమాటికీ బాత్రూంకి పరిగెత్తించే ఈ నొప్పి మొదలైంది, ఏడో ఏటికల్లా ఆ పేరు స్థిరపడింది. పెట్టినవాడు భర్త, ఊరంతా చాటింది అత్తగారు. చుట్టాలొచ్చినప్పుడు "మా కుళాయి ఏదర్రా?" అని అతను అడగడం, అందరూ నవ్వడం, వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వడం అలవాటైపోయింది. నవ్వకపోతే జోకు కూడా అర్థంకాని మనిషి అని ఇంకో బిరుదు సిద్ధంగా ఉంటుంది.

లోపల ఆమె గోడకి చెయ్యి ఆనించుకుని కూర్చుంది. వచ్చింది నాలుగు చుక్కలు. తెగిన వేలిని నిమ్మరసంలో ముంచినట్టు ఆ నాలుగు చుక్కలకే పొత్తికడుపు అడుగంతా మండింది. బయటికొచ్చి, వంటింట్లోకి నడిచి, మంట పెంచుతోందని తను మూడేళ్ళ క్రితం మానేసిన కాఫీ ఇద్దరికి కలిపింది. మధ్యాహ్నానికి డబ్బాలు సర్దింది. పొయ్యి దగ్గర కాలు మీద కాలు మెలేసుకుని నిలబడడం చూసి అత్తగారు యథాప్రకారం అందుకుంది. "మేమూ కన్నాం పిల్లల్ని. మాకు లేవా నొప్పులు? చెప్పుకునేంత తీరిక ఉండేది కాదు, అంతే." చెప్పుకునే తీరికే లేదన్న ఆవిడ మోకాలి నొప్పి వీధి చివరి కొట్టువాడికి కూడా తెలుసు.

క్రితం వారం ఆస్పత్రిలో మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పంపి, లోపలి గోడ నుంచి చిన్న ముక్క గిల్లి పరీక్షకి తీశారు. అప్పటి దాకా చేసిన టెస్టులన్నీ నార్మలే. కాగితాల మీద సంతకం పెట్టి భర్త వరండాలో చెప్పిన మాటలు ఆమెకి పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ఇదే ఆఖరుది. ఇందులోనూ ఏమీ లేదని వస్తే ఈ నొప్పి మాట నా ఇంట్లో మళ్ళీ వినపడకూడదు. ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండి అమ్మని చూసుకో, అదే పోతుంది." నా ఇంట్లో అన్నాడు. పదిహేనేళ్ళుగా ఆ ఇల్లు తుడుస్తున్న మనిషితో ఆ మాట అనగలగడానికి కూడా గుండె ఉండాలి.

ఆమె పనిచేసేది అలాంటి ముక్కల్నే పరీక్షించే ల్యాబులో. ఆ ఆస్పత్రి ముక్కలన్నీ అక్కడికే వస్తాయి. సీసాలో వచ్చిన ముక్క మీద కరిగిన మైనం పోసి దిమ్మ కట్టాలి, ఆ దిమ్మని ఐసు మీద చల్లార్చి, మిషను కత్తితో ఉల్లిపొర కంటే ఎన్నో రెట్లు పలచగా కొయ్యాలి, గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి గాజుపలక మీదికి ఎక్కించాలి. ఎనిమిదేళ్ళుగా ఆ కోత బల్ల ఆమెదే. రంగులద్దిన పలకలు పెద్ద డాక్టరు దగ్గరికి వెళతాయి. ఆయనకి నచ్చకపోతే పలక మూల ఎర్ర చుక్క పెట్టి, 'కోత లోపం' అని చీటీ రాసి వెనక్కి పంపుతాడు. బాత్రూం తాళంచెవి కూడా ఆయన కుర్చీ వెనక మేకుకే ఉంటుంది, ఎవరూ పారెయ్యకుండా జానెడు కర్రముక్క కట్టి. ఆమె దాని కోసం వెళ్ళిన ప్రతిసారీ మైక్రోస్కోపు లోంచి తలెత్తకుండానే "మళ్ళీనా?" అంటాడు. ఆ ఒక్క మాట తప్పించుకోవడానికి ఆమె పొద్దుట్నించీ మంచినీళ్ళు ముట్టని రోజులున్నాయి. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుందని తెలిసి కూడా.

ఆ ఉదయం వచ్చిన దిమ్మల్లో ఒకదాని మీద నంబరు చూసి ఆమె చెయ్యి ఆగింది. అక్కడ పేర్లుండవు. నంబరు, ఏ భాగం, ఆడా మగా, వయసు, అంతే. మూత్రాశయం, స్త్రీ, నలభై ఒకటి. ఆస్పత్రి రసీదు హ్యాండ్‌బ్యాగులోంచి తీసి చూసుకుంది. అదే నంబరు. దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. తన ముక్కని తనే కోసింది.

ఆరోగ్యంగా ఉన్న మూత్రాశయం పొర ఎలా ఉంటుందో ఆమెకి కంఠతా వచ్చు. అడుగున చిన్న కణాలు, వాటిపైన నడిమి వరుసలు, అన్నిటికీ పైన గొడుగు కణాలు. ఒక్కొక్క గొడుగు కింద కొన్ని చిన్న కణాలు తలదాచుకుంటాయి. సంచి నిండుతుంటే గొడుగు కణాలు తమ లోపల దాచిపెట్టుకున్న పొరని పైకి తీసి పరుచుకుని వెడల్పవుతాయి, ఖాళీ అయ్యాక మళ్ళీ లోపలికి తీసుకుంటాయి. పగలూ రాత్రీ సాగడం, ముడుచుకోవడం, విషం లాంటి మూత్రాన్ని కిందికి దిగనివ్వకుండా కాయడం వాటి పని. ఇంటి చాకిరీ కూడా ఇంతే, సవ్యంగా సాగినంతకాలం ఎవరు చేస్తున్నారో ఎవరికీ పట్టదు. గాయమైతే అడుగు కణాలు గబగబా పెరిగి కొత్త గొడుగులవుతాయి. కొందరిలో ఆ పని పూర్తికాదు. కణాలు ముదరకముందే రాలిపోతాయి. అప్పుడు మూత్రంలోని ఉప్పులు కిందికి ఇంకి నేరుగా నరాలకి తగులుతాయి. వాపు కణాలు మూగి మంటని ఇంకాస్త ఎగదోస్తాయి.

పలకకి రంగులద్దాక తన బల్ల మీదున్న చిన్న మైక్రోస్కోపులో పెట్టి చూసింది. గొడుగుల్లేవు. చాలాచోట్ల అడుగు వరుస కూడా లేదు. కింది కండ బోసిగా బయటపడి ఉంది. ఆమెకి ఏడుపు రాలేదు, సంతోషం వేసింది. పొర లేదు, కాబట్టి నొప్పి ఉంది. తన ఒంటికి ఇంత దెబ్బ తగిలిందని సంతోషించాల్సిన గతి పట్టించిన వాళ్ళందరి మీదా ఆ వెంటనే ఒళ్ళుమండింది.

పలక వెళ్ళిన పది నిమిషాలకి ఎర్ర చుక్కతో తిరిగొచ్చింది. 'కోత లోపం. పైపొర ఊడింది.'

"కత్తి మార్చావా అమ్మా?" అన్నాడు పెద్ద డాక్టరు గదంతా వినపడేలా. "లేక కోత మధ్యలో తాళం కోసం పరిగెత్తావా?"

అవతలి బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కొత్త కత్తి బిగించి, ఇంకాస్త లోతు నుంచి కోసి పంపింది. మళ్ళీ ఎర్ర చుక్క.

"పొర లేకుండా మూత్రాశయం ఎక్కడైనా ఉంటుందా? నీ చేతిలోనే పోతోంది," అన్నాడు. "మూడోసారీ ఇంతే అయితే ముక్క చాలదు, చెప్పుకోదగ్గది ఏమీ లేదు అని రాసి పంపించేస్తా. నాకింక ఓపిక లేదు."

ఏమీ లేదు. ఇంట్లో ఒకాయన చెవులు రిక్కించుకుని ఎదురుచూస్తున్న మాట సరిగ్గా అదే.

ఆమె తన బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. తర్వాత బీరువాలోంచి పాత దిమ్మ ఒకటి తీసింది. ఎవరో ముసలాయనది, నిక్షేపంలాంటి పొర. అదే కత్తితో, అదే తొట్టి నీళ్ళలో, రెండిటినీ కోసి తేల్చి ఒకే పలక మీద పక్కపక్కన ఎక్కించింది. కుడివైపు ముసలాయన, ఎడమవైపు తను. ఈసారి పలకని తనే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి నిలబడింది.

చాలాసేపు చూశాడు. "కుడివైపు పొర నిండుగా ఉందే."

"ఒకటే కత్తి సార్. ఒకటే నీళ్ళు. ఒకటే చెయ్యి."

"అయితే ఎడమవైపుది నిజంగానే లేదన్నమాట." పలకని అటూ ఇటూ జరిపాడు. "మొత్తం బోసిపోయింది. పాపం, ఈవిడ మంచం దిగి నడుస్తోందంటేనే గొప్ప."

"నడుస్తోంది సార్. వంట చేసి, బస్సెక్కి వచ్చి, మీకు దిమ్మలు కోసిపెడుతోంది."

ఆయన మొదటిసారి మైక్రోస్కోపు నుంచి తల పూర్తిగా ఎత్తాడు. "నీదా? ముందే చెప్పొద్దూ? నీదని తెలిస్తే సరిగ్గా చూసేవాణ్ణి కదా."

"మరి మిగతావాళ్ళవి?" అంది ఆమె.

ఆ మాట అడగాలని ఆమె వెళ్ళలేదు. అడిగాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆయన కలం అందుకుని రిపోర్టు రాశాడు. 'పైపొర దాదాపు పూర్తిగా లోపించినది.'

భోజనాల వేళకి భర్త ఫోన్ చేశాడు. "ఏమొచ్చింది? ఏమీ లేదుగా?"

ఆమె రాసింది రాసినట్టు చదివింది.

"లోపించడమేంటి? లేదనేగా? నేను చెప్పలా ఏమీ లేదని," అన్నాడు. "సరే, సాయంత్రం పెందలాడే వచ్చెయ్. అమ్మకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టాలి."

"ఈ వారమంతా ఆలస్యమవుతుంది. కాపడం మీరు పెట్టండి."

"నేనా? ఏం పనుంది నీకక్కడ?"

ఆ సంగతి ఆమెకి కూడా అప్పుడే, ఆ ప్రశ్న వింటుంటేనే తెలిసింది. ఫోన్ పెట్టేసి సొరుగు లాగింది. ఎనిమిదేళ్ళ కోత లోపం చీటీలు అందులో దారానికి గుచ్చి ఉన్నాయి. చేతి తప్పులు దిద్దుకుందామని దాచుకున్నవి. కాలేయాలవీ పేగులవీ పక్కన పడేస్తూ మూత్రాశయం చీటీలు మాత్రం ఏరింది. స్త్రీ, ముప్పై నాలుగు. స్త్రీ, యాభై రెండు. స్త్రీ, ఇరవై ఏడు. మగవాళ్ళవి రెండంటే రెండు. అన్నిటి మీదా ఒకటే మాట, పైపొర ఊడింది. ఆ ముక్కల్లో ఒక్కొక్కదాన్నీ తను రెండుసార్లు, మూడుసార్లు కోసి, తన చేతుల్ని తనే తిట్టుకుని, చివరికి 'చెప్పుకోదగ్గది ఏమీ లేదు' అన్న కాగితం కవరులో పెట్టి అంటించింది. ఆ కవరు పట్టుకుని వాళ్ళు ఏ ఇంటికి వెళ్ళారో, అక్కడ వాళ్ళని ఏ పేరు పెట్టి పిలుస్తున్నారో. కవర్లు అంటించింది తనే కదా అనుకుంటే ఆమెకి తన మీద కూడా కోపం వచ్చింది.

మైనం దిమ్మలు ఎన్నేళ్ళయినా చెడవు. బీరువాలోంచి నంబర్లవారీగా తీసి పళ్ళెంలో పేర్చింది. దారిలో పెద్ద డాక్టరు కుర్చీ వెనక్కి వెళ్ళి, మేకు మీది తాళంచెవి తీసి, కర్రకి కట్టిన దారం తెంపి, కర్రని అక్కడే వదిలి చెవిని కోటు జేబులో వేసుకుంది.

"మళ్ళీనా?" అన్నాడాయన అలవాటుగా, తలెత్తకుండా.

ఆమె పళ్ళేన్ని ఐసు మీద పెట్టి, మిషనుకి కొత్త కత్తి బిగించింది.

"మళ్ళీనే సార్," అంది. "మొత్తం ఇరవై మూడు."