విత్తనాల బుర్ర

షణ్ముగప్రియ పైపు పట్టుకుని డ్రమ్ము నింపుతోంది. అన్నూరులో కొళాయి ఎప్పుడు వస్తుందో ఎప్పుడు ఆగుతుందో దేవుడికే తెలియాలి. సగం నిండిందో లేదో, గేటు ముందు గోపీనాథ్ కారు ఆగింది.

మొగుడూ పెళ్లాలు వేరుపడినప్పటి నుంచి ఆదివారాలు పిల్లలు అతని దగ్గరే. పోయిన నెల పొయ్యి రాజేయడం నేర్పిస్తానని కారమడైలో తన తోటకు తీసుకుపోయి, వసంత్ కనుబొమ్మ సగం కాల్చి పంపాడు. ఈ వారం ఆ తోట బావిలో ఈత. భువన, వసంత్ తెల్లవారకముందే తువ్వాళ్లు మెడలో వేసుకుని వాకిట్లో కూర్చున్నారు.

గోపీనాథ్ ఎండిన సొరబుర్ర ఊపుకుంటూ లోపలికి వచ్చాడు.

"తాడు తెచ్చినారా?" అంది ఆమె.

"తాడెందుకు? మా నాయన నన్ను సుమ్మా, ఊరికే ఎత్తి బావిలో వేసినాడు. నేనేమి చచ్చిపోతినా?"

"లేదే. అందుకే కదా నాకీ తలనొప్పి."

భువన తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నేర్పవద్దని నేను చెప్పినానా? నడుముకు తాడు కట్టండి. మొదట మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు ఆడించమనండి. ఒకరు దిగితే ఇంకొకరు గట్టు మీద ఉండాల. ఎన్ని మార్లు చెప్పేది?"

"బుర్ర ఉండాది కదా ప్రియా. దీన్నే వీపుకు కట్టుకుని నేను నేర్చుకుంటిని. అటక మీద భద్రంగా ఉండె."

ఆమె బుర్ర అందుకుని తిప్పి చూసింది. మెడ దగ్గర బొటనవేలంత మేర పేడ మెత్తి ఉంది. అది ఎవరి చేతి పనో ఆమెకు తెలుసు. అత్త తాయమ్మాళ్ ఏటా చిక్కుడు విత్తనాలు బుర్రలో పోసి, పురుగు పట్టకుండా కంతకు పేడ మెత్తుతుంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లు పేడ కలిపి ఇచ్చింది తనే. కొడుకు మాత్రం ఏనాడూ అటువైపు చూసిన పాపాన పోలేదు.

చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. బుర్రను రెండు చేతులతో డ్రమ్ములో ముంచి పట్టుకుంది. కాసేపటికి పేడ నాని ఊడింది. బుడబుడమని గాలి బయటికి వచ్చింది. దాని వెనుకే పుచ్చిన చిక్కుడు గింజ ఒకటి పైకి తేలింది.

గోపీనాథ్ గింజ వైపే చూస్తూ నిలబడ్డాడు. "అమ్మ చెప్పనే లేదే."

"అడిగినారా?"

"అప్పా, ఇదా నన్ను మోసేది?" అన్నాడు వసంత్.

భువన తువ్వాలు తీసి మడత పెట్టసాగింది. "ఈ వారమూ లేదా అమ్మా?"

కూతురి ముఖం చూస్తే ఆమెకు ఇంకా విసుగొచ్చింది. వద్దంటే, వచ్చే వారం ఈయన ఇంకేదో కట్టి దింపుతాడు. కారమడై తోటలో మళ్లీ కాలు పెట్టనని ఒట్టు పెట్టుకుని వచ్చింది తను.

డ్రమ్ము నిండలేదు. అయినా కొళాయి కట్టేసింది. పెరటి బావి చేదతాడు విప్పి చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. ఖాళీ నూనె క్యాను మూత బిగించి, నీళ్లలో ముంచి చూసింది. గాలి రాలేదు. చెప్పులు వేసుకుని, క్యాను చంకన పెట్టుకుని, అతన్ని దాటుకుని కారు వైపు నడిచింది.