రెండో నంబరు కారణం

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. పిండకుండా ఆరేసిన గుడ్డలా మేడల మీద బరువుగా వేలాడుతూ ఉంది. వంటింటి కిటికీలోంచి దాన్ని చూసి, తాడు మీది బట్టలు లోపల వేయాలా, అలాగే ఉంచాలా అని ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ ఇంట్లో ఆ ఆలోచన ఇంకెవరికీ రాదు. ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో డబ్బాల మూతలు వెతుకుతూ, అత్తగారి మాత్రలు పొద్దుటివి వేరు, సాయంత్రానివి వేరు చేసి పెట్టింది. నాలుగింటికి టీ ఇచ్చి మాత్ర వేయాలి. తరవాత మోకాళ్లకి వేడినీళ్ల కాపడం. అది కూతురి పని. పదహారేళ్ల పిల్ల మూడున్నరకి బడి నుంచి వస్తుంది గనక, ఎవరూ చెప్పకుండానే అది దాని పని అయిపోయింది. భర్త బస్సు డిపోలో పొద్దుటి షిఫ్టు చేసి మూడింటికే వచ్చి టీవీ ముందు కాళ్లు చాపుతాడు. ఆయన ఇంట్లో ఉండడాన్ని మాత్రం ఎవరూ ఉండడం కింద లెక్కవేయలేదు.

"ఊళ్లో పిల్లలందరికీ దారి చూపిస్తావు, నా సాక్సు ఎక్కడుందో మాత్రం చూపించవు," అన్నాడాయన గదిలోంచి. పెళ్లయిన కొత్తలో ఆ మాటకి నవ్వేది. ఇప్పుడు సాక్సు తీసి ఇచ్చింది. కూతురు గోడవైపు తిరిగి తింటోంది. నెల రోజులు గర్రుమని ప్రాణం తీసిన ఫ్రిజ్ ఈమధ్య సద్దుమణిగింది. దానంతటదే బాగైందనుకున్నారు అందరూ.

ఆమె ఉద్యోగం నగర విద్యాశాఖలో, ప్రణాళిక విభాగంలో. పధ్నాలుగు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలు ఏ పేటలో ఎందరున్నారు, బడి అయ్యాక వాళ్లకి ఏ పని నేర్పాలి, ఎక్కడ, ఎన్ని సీట్లు, ఇదంతా కాగితం మీద పెట్టడం. ఇరవై రెండేళ్లుగా చేస్తోంది. శిక్షణ క్లాసులు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అని పెట్టింది కూడా ఆమే. బడి వదిలాక పిల్లలు ఖాళీయే కదా అనుకుంది.

వెళ్లగానే పెద్దసారు పిలిచి ఒక నోటు చేతికిచ్చారు. ఎలక్ట్రికల్ పని, ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే పని, ఇలాంటి నాలుగు కోర్సుల్లో ఆడపిల్లలకి విడిగా ఉంచిన సీట్లు మూడో వారానికల్లా సగం ఖాళీ అవుతున్నాయి. వచ్చే ఏడాది నుంచి ఆ సీట్లు ఎత్తేయాలని నోటు సారాంశం. సాయంత్రం ఐదింటిలోపు ఆమె సంతకం కావాలి.

"మీరు ఆడవాళ్లు. మీరే రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు," అన్నారాయన, మెచ్చుకుంటున్నట్టే.

పిల్ల మానేస్తే ఎందుకు మానేసిందో రాయడానికి, చేరేటప్పుడు నింపే ఫారంలోనే కింద ఒక గడి ఉంటుంది. దాంట్లో అంకె వేస్తే చాలు. ఒకటి, దూరం. రెండు, ఆసక్తి లేదు. మూడు, అనారోగ్యం. నాలుగు, ఇల్లు మారారు. ఐదు, ఇతరం. శిక్షణ కేంద్రాల వాళ్లు ఎవరినీ అడగరు. రెండు వేసి ఊరుకుంటారు. ఏడేళ్ల కింద ఆ ఫారం తయారు చేసింది ఆమే. మొదట ఆరు కారణాలు రాసింది. పేజీలో పట్టడం లేదు, ఒకటి తీసేయండి అన్నారు అప్పటి పెద్దసారు. ఇంటి పని అన్నదాన్ని కొట్టేసింది. అందరి ఇళ్లలోనూ పని ఉంటుంది, అదీ ఒక కారణమేనా అనుకుంది. ఆ రోజు తను పొద్దున్నే నాలుగింటికి లేచి ఇంటి పని ముగించుకుని వచ్చిన సంగతి కూడా గుర్తు రాలేదు.

"ఆ పిల్లలు రాలేని వేళకి క్లాసులు పెడతాం, రాలేదని సీట్లు పీకేస్తాం," అంది పక్క బల్ల టైపిస్టు నోటు చదివి. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు."

సంతకానికి ముందు, మానేసిన వాళ్లలో ఇరవై మందికి ఒకరికైనా ఫోను చేసి నిజం కనుక్కోవాలన్నది పాత నియమం. ఎవరూ చేయరు. ఆ రోజు ఎందుకో ఆమె చేసింది. జాబితాలో పేర్లు ఉండవు, వరస నంబరూ ఫోను నంబరూ తప్ప. మొదటి ఇంట్లో తల్లి ఎత్తింది. ఇది క్లాసుకి పోతే చంటిదాన్ని బడి నుంచి ఎవరు తెస్తారమ్మా అని ఎదురు అడిగింది. రెండో ఇంట్లో ఎత్తింది మానేసిన పిల్లే. వెనకాల కుళాయి చప్పుడు. గొంతు తగ్గించి, ఇష్టమేనండీ, నాలుగింటికి కుదరదండీ అంది. ఆమె రాసుకుంది. ఎనిమిదోసారి బల్ల మీది ఫోనులో అంకెలు నొక్కుతుంటే వేళ్లు వాటంతటవే పోయాయి. అలసటకి అదొక్కటే హాయి, చేతులు తలని అడగవు. అవతల మోగింది. పక్కన ఆమె సంచిలో కూడా మోగింది.

కాసేపు రెండు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. తన నంబరు తను ఎప్పుడు చేసుకుంటుంది గనక. టైపిస్టు తలెత్తి చూసింది. ఆమె ఫోను పెట్టేసి, వరస నంబరు పట్టుకుని అసలు ఫారం వెతికి తీసింది. కూతురి చేతిరాత. ఫ్రిజ్, ఏసీ రిపేరు కోర్సు. హాజరు తొమ్మిది రోజులు. కారణం, రెండు. కింద తన సంతకం.

అప్పుడు గుర్తొచ్చింది. కోర్సులో చేరేటప్పుడు, తను పొయ్యి దగ్గర నిలబడి ఉంటే పిల్ల ఈ కాగితమే పట్టుకొచ్చి, అమ్మా ఇక్కడ అంది. ఆఫీసులో కామా కూడా వదలని మనిషి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని చదవకుండానే పెట్టేసింది. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు. ఎనిమిది రోజులు టీ, మాత్ర ముందే ఇచ్చేసి పరుగెత్తినట్టుంది పిల్ల. తొమ్మిదో రోజు కూడా గుర్తొచ్చింది. భర్త ఆఫీసుకి ఫోను చేసి, అమ్మకి మాత్ర వేళకి పడలేదు, నీ కూతురు ఎక్కడ తిరుగుతోందో కనుక్కో అన్నాడు. మాత్రల డబ్బా ఆయన కూర్చున్న కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. ఆమె ఆయన్నేమీ అనలేదు. కూతురికి మెసేజ్ పెట్టింది. అది ఇంకా ఫోనులో ఉంది. "ఇలా అయితే ఎలా? నాలుగింటికల్లా ఇంట్లో ఉండు." దాని కింద పిల్ల జవాబు. "సరే అమ్మా."

ఊరందరి పిల్లల తీరికనీ ప్రణాళికలో పెట్టింది. తన పిల్ల తీరికని మాత్రం పొయ్యిలో పెట్టింది. మొగుడూ అత్తా అన్న మాటలు ఇన్నేళ్లుగా లోపల పోగేసుకుంటూ వచ్చింది. పిల్లకి పంపిన ఈ మాట మాత్రం తనది.

ఇంకో మూడు ఇళ్లకి ఫోను చేసి, ఐదింటికి నోటు పట్టుకెళ్లింది. సంతకం చేయాల్సిన చోట నాలుగు వాక్యాలున్నాయి. రెండో నంబరు కారణం నిజం కాదు. ఇంటి పని అన్న ఆరో కారణాన్ని ఫారంలోంచి కొట్టేసింది నేను. ఫోను చేసిన పదకొండు ఇళ్లలో పదింట అదే కారణం, మిగిలిన ఒక ఇల్లు నాది, అక్కడా అదే. సీట్లు ఉంచి వేళ మార్చాలి, సెలవు రోజుల పొద్దుటి పూట పెట్టాలి.

పెద్దసారు రెండుసార్లు చదివారు. "మీ మీద మీరే రాసుకున్నారేంటి మేడమ్? మీ ప్రమోషన్ ఫైలు నా దగ్గరే ఉంది, తెలుసుగా."

"తెలుసు సార్. దీన్ని కూడా అందులోనే పెట్టండి."

ఇంటికి వచ్చేసరికి కూతురు వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఆమె చెప్పులు విప్పి, ఫ్రిజ్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఇది నువ్వేనా బాగుచేసింది?"

"వెనకాల దుమ్ము దులిపానంతే. ఒక కాలు పొట్టిగా ఉంటే అట్టముక్క పెట్టా."

"చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదుగా," అంది పిల్ల. అందులో నిష్ఠూరం కూడా లేదు. అదే ఆమెకి ఎక్కువ తగిలింది.

హాల్లోకి వెళ్లి టీవీ కట్టేసింది. రేపటి నుంచి నాలుగింటి టీ, మాత్ర, కాపడం మీవి, పిల్ల క్లాసుకి పోతుంది అని భర్తతో చెప్పింది. వేళ మారే దాకా ఆగేది లేదంది. అవన్నీ నాకేం తెలుసు అన్నాడాయన.

"దానికీ పుట్టగానే తెలియదు," అంది. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

మగపిల్లాడి చేత కాళ్లకి కాపడం పెట్టించుకోవాలా అని అత్తగారు గోడతో చెప్పుకుంది. గోడ కూడా ఏమీ అనలేదు.

నలుగురూ అన్నానికి కూర్చున్నారు. కూరలో ఉప్పు తక్కువైంది, ఆ మాట ఎవరూ అనలేదు. కొంతసేపటికి అత్తగారు ఖాళీ గ్లాసుని వేలితో కాస్త ముందుకి జరిపింది. కూతురు లేవబోయింది. ఆమె ఎడంచెయ్యి పిల్ల మోకాలి మీద వేసి అలాగే ఉంచింది. గ్లాసు అక్కడే ఉంది. చాలాసేపటికి భర్త కుర్చీ కిర్రుమంది. లేచి వంటింట్లోకి వెళ్లాడు. నీళ్ల జగ్గు కోసం ఒక అర తెరిచాడు, మూశాడు. ఇంకో అర తెరిచాడు. ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు.